చెప్పి ఆరే లైటు

నా బావమరిది కేటలాగు నాకు చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. పగవాడైతే కనీసం ఇంట్లోకి వచ్చి, నా మంచం కింద చెయ్యి పెట్టి, నా వస్తువు పట్టుకుపోయేంత చనువు తీసుకోడు.

కేటలాగు అన్నది వాడికి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇంట్లోకి ఏ వస్తువు కావలసి వచ్చినా ముందు దాని రంగుల పుస్తకం తెప్పించుకుంటాడు. బోర్లా పడుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదువుతాడు. చదివి చదివి, అందులో అన్నిటికన్నా పెద్ద అంకె ఏ వస్తువు పక్కన ఉందో అదే కొంటాడు. వాడు కొన్న ఫ్యాను ఎంత గట్టిదంటే దాని కింద కూర్చుని కాగితం మీద సంతకం పెట్టలేం. వీధి వీధంతా వాణ్ణి కేటలాగు అనే పిలుస్తుంది. వాడి అక్క, అంటే నా భార్య, ఒక్కతే 'చిన్నోడు' అంటుంది. చిన్నోడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు.

మా ఇద్దరిదీ ఒకటే పని. ఊరికి నీళ్ళు కొండ కింది గుహలోంచి వస్తాయి. ఆ గుహ పైకప్పుదాకా నీళ్ళే. నోటి దగ్గర బావంత వెడల్పుంటుంది, పోయేకొద్దీ మనిషి పాకేంత సన్నబడుతుంది. నూట నలభై మీటర్ల లోపల నీళ్ళు లాగే గొట్టం మూతికి ఒక ఇనప జల్లెడ బిగించి ఉంటుంది. దానికి వేర్లూ ఆకులూ చుట్టుకుంటే ఊళ్ళో కుళాయిలు దగ్గుతాయి. అందుకని మూడు నెలలకోసారి ఎవరో ఒకరు సిలిండర్లు కట్టుకుని, పది మీటర్లకో ముడి వేసి లోపల కట్టిన తాడు పట్టుకుని ఈదుకుంటూ వెళ్ళి దాన్ని గీకి శుభ్రం చేసి రావాలి. పదిహేనేళ్ళుగా ఆ ఎవరో ఒకరు నేనే. ఆరేళ్ళ కిందట నా భార్య పోరు పడలేక కేటలాగును కూడా పక్కన పెట్టుకున్నాను.

ఈ ఏడు నీటి సరఫరా ఆఫీసువాళ్ళు కొత్త షరతు పెట్టారు. గుత్త దక్కినవాడు ముందుగా డిపాజిట్టు కట్టాలి. చెప్పిన తేదీకి జల్లెడ శుభ్రం కాకపోతే డిపాజిట్టు పోతుంది, గుత్త ఇంకొకరికి పోతుంది. నేను కట్టాను. ఉన్నదంతా ఊడ్చి కట్టాను. తేదీకి ఇంకా పది రోజులుందనగా నా చెవిలో చీము పట్టింది. డాక్టరు వారం రోజులు నీళ్ళలో తల పెట్టొద్దన్నాడు. సరే, వారం పోయినా మూడు రోజులు మిగులుతాయి కదా అని పడుకున్నాను. కేటలాగుకు ఆ వారం చాలింది.

లేచిన రోజు మంచం కిందికి వంగి చూస్తే నా లైటు లేదు.

"ఏరా, నా లైటేది?"

"ఏ లైటు బావా?"

"నాకు పది లైట్లున్నాయా, ఏ లైటంటావు?"

"ఓ, ఆ డబ్బానా! దానికి బ్యాటరీ మార్చాలన్నావు కదా. ఆ బ్యాటరీ ఇప్పుడెవడూ చెయ్యట్లేదు బావా. అందుకని మార్పిడి కింద దుకాణంలో ఇచ్చేశాను. ఇవిగో, చూడు!"

బల్ల మీద మూడు పెట్టెలు. ఒకటి పెద్దది, రెండు దాని పిల్లల్లాంటివి. మూడూ నారింజ రంగువి, మూడూ ఒకటే కంపెనీవి, మూడింటికీ వెనకాల కందిగింజంత బటను.

"అంకె చూడు బావా. పన్నెండు వేలు!"

"ధరా?"

"వెలుగు బావా, వెలుగు! నీ పాతది ఎంత మొత్తుకున్నా వెయ్యి దాటదు."

"ఒరేయ్, మనం గుహలో జల్లెడ గీకడానికి పోతున్నామా, పెళ్ళి చెయ్యడానికి పోతున్నామా?"

వాడు నవ్వాడు. వాడికి నా కోపం ఎప్పుడూ సరసంలాగే వినిపిస్తుంది.

పోయిన లైటు సంగతి మీకు చెప్పాలి. నాకు ఈ పని నేర్పిన మేస్త్రీ తన లేతు మిషను మీద అల్యూమినియం దిమ్మె తొలిచి చేసి ఇచ్చిన లైటు అది. బ్యాటరీ డబ్బా నడుముకి, తీగ భుజం మీదుగా, లైటు తల చేతి వెనక. స్విచ్చి బొటనవేలంత ఉంటుంది. గ్లౌజులు ఎంత మందానివి వేసుకున్నా చేతికి తగులుతుంది. వెలుగు సూదిలా సన్నగా పడుతుంది. గుహ అడుగున ఉండేదంతా మెత్తటి ఒండ్రు. కాలు కాస్త జారితే పాలలా లేస్తుంది. అందులో వెడల్పాటి లైటు వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. సన్నటి లైటయితే దాన్ని పొడుచుకుని పోతుంది. ఇంకో సంగతి, లోపల మాటలుండవు. లైటే మాట. ఎదుటి గోడ మీద వెలుగును గుండ్రంగా తిప్పితే బాగున్నానని. అటూ ఇటూ గబగబా ఊపితే ప్రాణం మీదికి వచ్చిందని. వెలుగు గుహంతా పరుచుకునే లైటుతో ఏం తిప్పితే ఏం తెలుస్తుంది?

అన్నిటికన్నా ముఖ్యం, అది ఆరిపోయే ముందు చెప్పేది. పది నిమిషాల ముందే పసుపుపచ్చగా మారేది, తర్వాత ఎర్రగా. మేస్త్రీ అనేవాడు, "ఎంత వెలుగుతుందని కాదురా చూసుకోవాల్సింది. ఎప్పుడు ఆరుతుందో చెప్పి ఆరుతుందా, చెప్పకుండా ఆరుతుందా అని." ఆయన ఇంకో నియమం కూడా పెట్టాడు. మనిషికి మూడు లైట్లు. ఇద్దరిలో ఎవరిది ఏ ఒక్కటి ఆరినా, ఇద్దరూ ఆ క్షణమే వెనక్కి. పని ఎంత దగ్గర పడినా సరే, మిగతా లైట్లు ఎంత బాగా వెలుగుతున్నా సరే. బేరాల్లేవు.

మర్నాడు పొద్దున్నే నీటి సామాన్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణం పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్నూ, నా వెనక కేటలాగునూ చూశాడు.

"మా వాడిచ్చిన పాత లైటు నాకు తిరిగి కావాలి."

"అదా? మొన్నే పాత ఇనుము అతనికి వేసేశానండీ."

"అది ఇనుము కాదయ్యా!"

"అవును, అల్యూమినియం. అందుకే కాస్త ఎక్కువిచ్చాడు."

ఆ మాటకు కేటలాగు నా వైపు గర్వంగా చూశాడు, తన సరుకు మంచి ధర పలికినట్టు. వాణ్ణి అక్కడే ఏమైనా చేసి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

"సరే, ఈ మూడు పెట్టెలూ వెనక్కి తీసుకో."

"సీలు చింపేశారండీ."

"నేను చింపలేదు."

"మీవాళ్ళే కదండీ చింపింది."

అవును, నావాడే. నా ఖర్మ. ఆ మూడూ కేటలాగుకే వదిలేశాను. నాకు నేను వేరే చూసుకుంటానని, సంచిలోంచి గ్లౌజులు తీసి తొడుక్కుని, ఒక బకెట్టు నీళ్ళు తెమ్మన్నాను. దుకాణం పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ కిందికి జారింది.

"బకెట్టెందుకండీ?"

"లైటు దేనికి?"

"నీళ్ళలోకి."

"మరి?"

తెచ్చాడు. గొణుక్కుంటూ తెచ్చాడు. ఒక్కో లైటూ తీసి బకెట్లో ముంచి, కళ్ళు మూసుకుని స్విచ్చి వెతుక్కోవడం మొదలుపెట్టాను. లోపల కళ్ళతో వెతుక్కునే అదృష్టం ఉండదు. మొదటిదానికి స్విచ్చి ఉందో లేదో తేలలేదు. రెండోదాని బటను ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు, రెండోసారి చిన్న వెలుగు, మూడోసారి ఎర్ర వెలుగు, నాలుగోసారి టపటపా కొట్టుకోవడం, నొక్కి పట్టుకుంటే తాళం.

"తాళమేమిటయ్యా? లైటుకు తాళమేమిటి?"

"సంచిలో పొరపాటున వెలక్కుండా అండీ. మొత్తం ఎనిమిది రకాలుగా వెలుగుతుంది."

"నాకు రెండు రకాలు చాలు. వెలగడం, ఆరడం."

కూతురికి ఈత కళ్ళద్దాలు కొనడానికి వచ్చి నా వెనక నిలబడ్డ ఒకావిడ పకపకా నవ్వింది. "సంబంధం చూస్తున్నారా అన్నయ్యగారూ?" అంది.

"సంబంధమే అయితే ఇంత చూడనమ్మా. చూడకే ఇలాంటి బావమరిది వచ్చాడు."

చివరికి కింది అరలో, దుమ్ములో దొరికాయి. మొద్దులాంటి నల్లటి లైటు, పక్కన వేలెడంత మీట, ముందుకు తోస్తే వెలుగు, వెనక్కి లాగితే ఆర్పు. వెలుగు సన్నం. ఛార్జి తగ్గాక వెలుగు నాలుగో వంతుకు పడిపోయి పావుగంట నిలుస్తుందట. చెప్పి ఆరుతుందన్నమాట. తోడుగా రెండు చిన్నవి, బటనే లేదు, మూతి తిప్పితే వెలుగుతాయి. సెల్లు ఏ కిళ్ళీ కొట్లోనైనా దొరికేదే. మూడూ బకెట్లో పెట్టి చూసి, రబ్బరు రింగులు విప్పి చూసి, మళ్ళీ బిగించి చూసి కొన్నాను. కేటలాగు ఆవులించాడు.

"ఎంత పాతకాలం మనిషివి బావా. ఇవన్నీ కలిపినా రెండు వేలుండదు వెలుగు."

"నువ్వు కూడా ఆ చిన్నవి రెండు తీసుకో. మూడూ ఒకటే రకం పెట్టుకుంటే, ఒకదానికి వచ్చిన రోగం మూడింటికీ వస్తుంది."

"రోగమెందుకొస్తుంది? మూడూ కొత్తవి."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకు ఆరేళ్ళుగా అలవాటే. ఆ రోజు కూడా ఊది ఊరుకున్నాను.

ఇంటికొచ్చి నా మూడు లైట్లూ బకెట్లో వేసి వెలిగించి, స్నానాలగది గోడ మీద బొగ్గుతో టైము రాశాను. అవి ఎప్పుడు ఆరితే అప్పుడు మళ్ళీ రాయాలి. పెట్టె మీద రాసింది నమ్మి గుహలోకి పోయేవాడు సున్నితంగా చెప్పాలంటే వెధవ. నా భార్య తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంట్లో ఉన్నది ఒక్క స్నానాలగది."

"ఉన్నది ఒక్క ప్రాణం కూడా."

"మీ ఒక్కరిదేనా? మా చిన్నోడిది కాదా? వాడి లైట్లు కూడా చూడండి."

"వాడికి చేతుల్లేవా? ఒరేయ్! నీ మూడూ కూడా మీ ఇంట్లో బకెట్లో వేసి గంటన్నర వెలిగించి చూడు. మనం లోపల ఉండేది గంట. గంటన్నర నిలిస్తే రా, లేకపోతే రాకు."

"సరే బావా."

ఆ 'సరే బావా' విని నేను సంతోషించాను. ఆరేళ్ళలో వాడు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే. మర్నాడు సాయంత్రం వచ్చి, "మూడూ గంటన్నర వెలిగాయి బావా, రవ్వంత కూడా తగ్గలేదు, మొదట్లో ఎలా ఉన్నాయో చివర్లోనూ అలాగే," అని చెప్పాడు. నేను తలూపాను. తలూపినందుకు ఈ రోజు నా తల నేనే కొట్టుకోవాలి.

ఆఖరి రోజు పొద్దున్న గుహ దగ్గరికి వెళ్ళాం. ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ వచ్చి రాతి అరుగు మీద ఫైలు పట్టుకుని కూర్చుంది. మంచి మనిషే, కానీ ఫైలు ఆవిడ కన్నా గట్టిది.

"చూడండి, రేపు పొద్దున పై చెరువు తూములు ఎత్తేస్తున్నారు. తర్వాత రెండు నెలలు లోపల వరద. ఎవరూ దిగలేరు. ఇవాళ సాయంత్రం ఆరు దాటితే నా చేతుల్లో ఏమీ లేదు."

"మధ్యాహ్నానికే వచ్చేస్తాం మేడం," అన్నాడు కేటలాగు నా కన్నా ముందు.

గుహ నోటి దగ్గర నడుములోతు నీళ్ళలో నిలబడి, నియమం ప్రకారం ఒక్కో లైటూ వెలిగించి ఒకరికొకరం చూపించుకున్నాం. వాడివి మూడూ వెలిగాయి. కళ్ళు పోయేంత తెల్లగా వెలిగాయి. దిగాం.

ముందు నేను, తాడు ఎడమచేతి వేళ్ళ మధ్య. వెనక వాడు. వాడి వెలుగు గుహంతా పరుచుకుని నా నీడను ముందుకు తోసింది. సగం దూరం నా నీడతోనే నేను కొట్లాడుకుంటూ పోయాను. డెబ్భై మీటర్ల దగ్గర పైకప్పు దిగింది. తొంభై దగ్గర పాకడం. నూటపది మీటర్ల ముడి నా వేళ్ళకు తగిలింది. ఇంకో ముప్ఫై మీటర్లు. అప్పుడు నా ముందు గోడ మీద వెలుగు టపటపా కొట్టుకుంది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప ఎవడూ అలా ఊపడు. గాలి అయిపోయిందేమోనని ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి, నా రెండో గాలి గొట్టం వాడి నోటికి అందించాను. వాడు తల అడ్డంగా ఊపి, చేతిలో లైటు చూపించాడు. బటను రాతికి ఒరుసుకుందట. దానంతట అది టపటపా మొదలుపెట్టింది. వాడు గ్లౌజు వేలితో ఆ కందిగింజను నొక్కుతున్నాడు, అది ఎర్రగా వెలుగుతోంది. నొక్కుతున్నాడు, చిన్నగా వెలుగుతోంది. నొక్కి పట్టుకున్నాడు. తాళం పడింది. ఆరింది.

నేను తిరిగిన తిరుగుడుకు ఒండ్రు లేచింది. వాడు ఒక చిన్న లైటు తీసి వెలిగించుకుని, దర్జాగా, పాలలాంటి నీళ్ళలో గుండ్రంగా తిప్పాడు. బాగున్నానట. వేలితో ముందుకు చూపించాడు. జల్లెడ అదిగో అన్నట్టు.

నాకు తెలియదా జల్లెడ అదిగోనని? ముప్ఫై మీటర్లు. నాలుగు నిమిషాల ఈత, ఇరవై నిమిషాల గీకుడు. వాడి చేతిలో లైటు చూశాను, పట్టపగల్లా ఉంది. నావి మూడూ దివ్యంగా ఉన్నాయి. గాలి కావలసినంత ఉంది. మేస్త్రీ పోయి తొమ్మిదేళ్ళు, చూడటానికి ఎవరూ లేరు. కట్టిన డిపాజిట్టంతా కళ్ళ ముందు కనబడింది. అయినా బొటనవేలు వెనక్కి చూపించాను. వాడు మళ్ళీ ముందుకు చూపించాడు. నేను వాడి భుజం పట్టి బలవంతంగా తిప్పాను. నీళ్ళలో తిట్టడానికి వీలుంటే ఆ గుహ కూలేది.

ఇప్పుడు వాడు ముందు, నేను వెనక. ఎనభై మీటర్ల దగ్గర వాడి చిన్న లైటు ఆరింది. పసుపు లేదు, ఎరుపు లేదు. ఉంది, అంతలో లేదు. వాడు ఆగి రెండోది తీశాడు. అదీ తెల్లగా, ధీమాగా వెలిగింది. మూడు నిమిషాలు. యాభై మీటర్ల దగ్గర అదీ అలాగే పోయింది. అప్పుడు వాడు వెనక్కి చెయ్యి చాపి వెతుక్కుంటే, ఆ చెయ్యి తెచ్చి తాడు మీద పెట్టి, రెండో చేత్తో వాడి మోచెయ్యి పట్టుకున్నాను. పిల్లవాణ్ణి బడినుంచి తీసుకొచ్చినట్టు, నా సన్నటి వెలుగులో వాణ్ణి గుహ నోటిదాకా తోసుకొచ్చాను.

ముందుకు పోయి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసుకోవడానికి నాకు పెద్ద చదువు అక్కర్లేదు. వాడు నూట నలభై దగ్గర, జల్లెడ గీకిన మడ్డిలో, చేతిలో మూడు చచ్చిన లైట్లతో ఉండేవాడు.

బయట నోటి గొట్టం తీసి నేను మొదట అడిగింది ఇదే:

"గంటన్నర వెలిగించి చూశానన్నావుగా?"

"చూశాను బావా, ఒట్టు! మూడూ గంటన్నర వెలిగాయి."

"తర్వాత?"

"తర్వాతేముంది? ఆర్పేశాను."

"సెల్లులు?"

"సెల్లులేం చేస్తాం? అందులోనే ఉన్నాయి."

"పెద్దది ఛార్జి పెట్టావా?"

"పెట్టాను బావా, దాని వైరు వచ్చిందిగా. చిన్నవాటికి వైరు లేదు."

గంటన్నర కాల్చిన సెల్లులే పెట్టుకుని గుహలోకి వచ్చాడు. నేను చెయ్యమన్న పరీక్షే వాడి లైట్లను తినేసింది. కొత్త సెల్లులు వెయ్యమని నేను వేరే చెప్పలేదు, నిజమే. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోమని కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

"బావా, నీ చిన్నది ఒకటి నాకిస్తే మళ్ళీ వెళ్ళొచ్చు. ఇంకా ఏడు గంటలుంది."

"నీకు ఒకటి, నాకు రెండు. మనిషికి మూడేవి?"

"ఈ ఒక్కసారికి..."

"నీ లైట్ల సెల్లులు కానీ వేరే లైట్లు కానీ దొరికేది ఆ దుకాణంలోనే, అది ఇవాళ మూసుంది. అది తెరిచే రోజైతే నీ కాళ్ళు పట్టుకుని పంపేవాణ్ణి. నోరుముయ్యి."

ఇంజినీరమ్మ అరుగు మీంచి లేచి వచ్చింది. "మనుషులు బాగానే ఉన్నారు, సిలిండర్లు బాగానే ఉన్నాయి. లైటు కోసం ఆపేస్తారా? పోనీ మీరొక్కరే వెళ్ళిరండి."

"మీ షరతుల్లోనే ఉందమ్మా, ఇద్దరు లేకుండా దిగకూడదని."

ఆవిడ ఫైలు తెరిచి చూసింది. ఉంది. మూసేసింది. ఆరుదాకా మాతోపాటే కూర్చుంది, పాపం. టీ కూడా తెప్పించింది. ఆరు కాగానే కాగితం తీసి సంతకం పెట్టమంది. పెట్టాను.

ఇంటికి పోయేసరికి కేటలాగు నా కన్నా ముందే వెళ్ళి అక్కకు అంతా చెప్పేశాడు. నా భార్య వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తల తుడుస్తోంది. నా వైపు చూసి, "నా తమ్ముణ్ణి బతికించి తెచ్చారు," అని కళ్ళు ఒత్తుకుంది. ఆ మాట తర్వాత ఇంక ఎవణ్ణని తిట్టను?

వాడు మాత్రం తువ్వాల్లోంచి తల బయటపెట్టి, "పోనీలే బావా, ప్రాణం కన్నా డబ్బెక్కువా," అన్నాడు.

ఎక్కువ కాదు. అందుకే వెనక్కి తిరిగాను. కానీ ఆ మాట అనాల్సింది వాడు కాదు. ఆ డిపాజిట్టులో వాడి వాటా దమ్మిడీ లేదు. పోయింది మొత్తం నాదే, అక్షరాలా నలభై ఆరు వేల రెండు వందల డెబ్భై.